బుల్లిగాడు రావాలి

ప్రశ్న అడిగినవారికి విశ్వపతిగారు వెంటనే జవాబు చెప్పేవారు కారు. శ్రీముఖలింగంలో, వంశధారకు దగ్గరగా, ఒక పెంకుటింటి వసారాలో కూర్చుని ఆయన ఉదయం పాఠం చెప్పేవారు. పాఠం అయ్యాక కొబ్బరాకులు ముందేసుకుని చీపుళ్ళకు ఈనెలు తీసేవారు. అప్పుడెవరైనా సందేహం అడిగితే చేతిలో ఉన్న ఆకు పూర్తయ్యేదాకా నోరు విప్పేవారు కారు. విప్పాక కూడా చాలాసార్లు అడిగినదానికి కాక, ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. అందులో జవాబు ఉందో లేదో వెతుక్కోవడం అడిగినవారి పని.

ఆయన శిష్యుల్లో చిదంబరం అని ఒకాయన ఉండేవాడు. కాలేజీలో తర్కం చెప్పే ఉద్యోగం మానుకుని వచ్చినవాడు. శాస్త్రం బాగా వచ్చు. వచ్చునన్న సంగతి కూడా అతనికి బాగా తెలుసు. ఒక వేసవి ఉదయం అతను అడిగాడు.

"గురువుగారూ, ‘నేను’ అన్నది పోవాలని రోజూ చెబుతారు. ఎలా పోగొట్టుకోవాలో పుస్తకాల్లో చాలాచోట్ల చదివాను. పోయినప్పుడు మనిషికి ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ సరిగ్గా రాయలేదు. ఎలా ఉంటుందండీ?"

గురువుగారు ఈనె తీసి పక్కన పెట్టారు. "శ్రీకాకుళంలో కూర్మారావని ఒక ప్లీడరున్నాడు. నా దగ్గరికి అప్పుడప్పుడూ వస్తాడు. అతనికి జరిగింది చెబుతాను" అన్నారు. ఆయన చెప్పిన సంగతి ఇది.

కూర్మారావు పేరున్న ప్లీడరు. బజారులో నడిచి వస్తుంటే టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళు లేచి చోటిచ్చేవారు. ‘నేను ఫలానా’ అని చెప్పుకోవలసిన అవసరం అతనికి పడి చాలా ఏళ్ళయింది. అతని అన్న వరాహమూర్తి విజయనగరంలో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. వాళ్ళ తండ్రి వాల్తేరు లోకోషెడ్డులో ఫిట్టరు. తల్లి పోయేనాటికి కూర్మారావు ఇంకా పలక పట్టలేదు. తండ్రికి వేళాపాళా లేని డ్యూటీలు. అందుచేత ఆ పసివాడికి తల దువ్వినా, అన్నం కలిపి పెట్టినా, చెయ్యి పట్టుకుని బడికి తీసుకువెళ్ళినా అన్నే.

వరాహమూర్తికి పిల్లల్లేరు. అతనూ, భార్య తులశమ్మా, ఇద్దరే ఆ ఇంట్లో. రిటైరయిన కొన్నేళ్ళకు అతనికి మరుపు జబ్బు పట్టుకుంది. మొదట వీధుల పేర్లు పోయాయి, తరువాత తను చదువు చెప్పిన పిల్లల పేర్లు, ఆ తరువాత మనుషులే. ఒక ఆదివారం కూర్మారావు వెళ్ళేసరికి అన్న కుర్చీలోంచి లేచి నిలబడి, "రండి, కూర్చోండి. ఎవరు కావాలండీ?" అన్నాడు.

కూర్మారావు నవ్వాడు. అన్న నవ్వలేదు.

వంటింట్లో మంచినీళ్ళు అందిస్తూ తులశమ్మ, "నన్నూ అంతే బాబూ. పొద్దున్న అక్కయ్యగారూ అంటారు, సాయంత్రం వంటమనిషి ననుకుంటారు. నువ్వేటీ మనసులో పెట్టుకోకు" అంది. మనసులో పెట్టుకోకుండా ఎలా ఉండడమో ఆమె చెప్పలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు.

ఆవేళ వెళ్ళబోతూ కూర్మారావు అన్న గదిలోకి తొంగిచూశాడు. వరాహమూర్తి మంచం మీద ఖాళీ అగ్గిపెట్టెలు ఒకదాని వెనక ఒకటి పేర్చి, చివరిదాన్ని వేలితో మెల్లగా తోస్తున్నాడు. దుప్పటి ముడత అడ్డం వచ్చిన చోట ఆగి, ఆ ముడతను ఎత్తి కొండలా నిలబెట్టి, దాని కిందనుంచి పెట్టెల్ని నడిపించాడు. "పొద్దుటినుంచీ ఇదే పని" అంది వెనకనుంచి తులశమ్మ. కూర్మారావు గుమ్మంలోనే ఉండిపోయాడు.

వాళ్ళ చిన్నతనంలో షెడ్డు ఆఫీసరు ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ, తన పిల్లలు ఆడి వదిలేసిన రేకు రైలును తండ్రి చేతిలో పెట్టాడు. కీ ఇస్తే గుండ్రంగా తిరిగే బండి. కొత్తవలస నుంచి కొండల మీదికి లైను కొత్తగా వేసిన రోజులవి. తండ్రి ఒకసారి పిల్లలిద్దరినీ గూడ్సు బండి చివర గార్డు పెట్టెలో ఎక్కించి ఆ కొండ మీదికి తీసుకువెళ్ళాడు. సొరంగం వెనక సొరంగం. తిరిగొచ్చిన మర్నాడే అన్న పాత తలుపుచెక్క ఒకటి సంపాదించి, దాని మీద ఆ కొండలు కట్టడం మొదలుపెట్టాడు. మైదా జిగురులో నానబెట్టిన కాగితాలతో కొండలు, ఆకుపచ్చ రంగు అద్దిన బీరపీచుతో చెట్లు, అట్టముక్కలతో స్టేషను. అన్న స్టేషను మాస్టరు, తమ్ముడు డ్రైవరు. కొన్నేళ్ళు అదే వాళ్ళ లోకం. ఆ తరువాత అన్నకు ట్రైనింగు, తండ్రికి రిటైర్మెంటు, క్వార్టరు ఖాళీ చేయడం, ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆ తలుపుచెక్క ఎవరింటికి పోయిందో ఎవరూ పట్టించుకోలేదు.

కూర్మారావు విశాఖపట్నంలో పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగాడు. ఒకచోట కరెంటుతో నడిచే బొమ్మరైలు దొరికింది. అరచేతిలో ఇమిడే నల్లటి ఇంజను, ఎర్రటి పెట్టెలు, తుప్పు పట్టని పట్టాలు. అన్న ఇంటి వెనకగదిలో బల్లలు వేయించి, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి పని చేయడం మొదలుపెట్టాడు. మొదట దీన్ని వైద్యమే అనుకున్నాడు. తెలిసిన వస్తువు కళ్ళముందు పెడితే అన్న మనసు దారిలో పడుతుందేమోనని. కాని ఇనుపవల మీద తడికాగితం పరిచి, బొటనవేలితో నొక్కుతూ కొండకు వాలు తెస్తున్నప్పుడు అతనికి ఒళ్ళు జల్లుమంది. ఎన్నో ఏళ్ళు కాగితాల మీద సంతకాలు తప్ప ఏ పనీ చేయని వేళ్ళవి. ఆ వేళ్ళకు ఎక్కడ నొక్కాలో, ఎక్కడ వదలాలో ఇంకా గుర్తుంది.

ఆ తరువాత అతను దానిలో పడిపోయాడు. కోర్టులో ఎదటి ప్లీడరు వాదిస్తుంటే అతని మనసు వంతెన దగ్గర ఉండేది. గోళ్ళలో ఆకుపచ్చ రంగు చూసి గుమాస్తా, "ఇంటికి రంగులేయిస్తున్నారా సార్?" అని అడిగితే ఔనన్నాడు. నిజం చెప్పడానికి సిగ్గేసింది. మనవల్ని ఎత్తుకోవలసిన వయసులో బొమ్మరైలు కట్టుకుంటున్నాడంటే బారు అసోసియేషనులో నవ్విపోరా. అయినా మానలేకపోయాడు. లోపల ఇంకొక ఆశ కూడా ఉంది. అది భార్యకు కూడా చెప్పలేదు. బండి కదలగానే అన్న తనవైపు తిరిగి "ఒరే బుల్లిగా" అంటాడు. అది అతని చిన్నప్పటి ముద్దుపేరు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు లోకంలో ఇంకెవరూ మిగల్లేదు.

వర్షాలు మొదలయ్యాక ఒక ఆదివారానికి అన్నీ సిద్ధమయ్యాయి. తులశమ్మ భర్తకు ఉతికిన లాల్చీ తొడిగి, చెయ్యి పట్టుకుని వెనకగదికి తీసుకొచ్చింది. వరాహమూర్తి గుమ్మం దగ్గర ఆగాడు. కొండలు చూశాడు, వంతెన చూశాడు. ముఖం కొద్దికొద్దిగా విప్పారింది. లోపలికి వచ్చి, వంగి, సొరంగంలోకి చూసి, "నోరు ఇంకొంచెం గుండ్రంగా ఉండాలి. పైన మసి పట్టి ఉండాలి" అన్నాడు. చాలా నెలలుగా అతని నోట అంత పొడుగు మాట రాలేదు. తులశమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వరాహమూర్తి స్టేషను పక్కన స్టూలు మీద కూర్చుని, జేబురుమాలు తీసి, జెండాలాగా కొసన పట్టుకున్నాడు. కూర్మారావు మీట మీద చెయ్యి వేశాడు. ఏ తీర్పు వినేటప్పుడూ అతని గుండె అలా కొట్టుకోలేదు.

"ఆగండి" అన్నాడు వరాహమూర్తి. "బండి కదపకండి. మా తమ్ముడు రావాలి."

"ఎవరు?"

"మా బుల్లిగాడండీ. వాడే డ్రైవరు. వాడు లేకుండా మేం నడపం."

నిజమే, వాళ్ళెప్పుడూ నడపలేదు. కూర్మారావుకు తట్టు పోసి మంచం పట్టిన రోజుల్లో కూడా అన్న ఒక్కసారైనా కీ తిప్పలేదు. బండి మీద తువ్వాలు కప్పి ఉంచాడు.

"అన్నయ్యా, నేనే బుల్లిగాణ్ణి" అన్నాడు కూర్మారావు.

వరాహమూర్తి అతన్ని తేరిపార చూశాడు. నెరిసిన మీసాలు, కళ్ళజోడు, ముందుకొచ్చిన పొట్ట. "మీరు పెద్దవారు. అలా హాస్యమాడకూడదు" అన్నాడు, మర్యాద తప్పకుండా.

తరువాతి ఆదివారాలు దావా నడిచినట్టే నడిచాయి. కూర్మారావు సాక్ష్యాలు తెచ్చాడు. తండ్రి మధ్యలోనూ తామిద్దరూ చెరోపక్కనా నిలబడి తీయించుకున్న ఫోటో చూపించాడు. వరాహమూర్తి అందులో పిల్లవాడి తల వేలితో నిమిరి "వీడే" అన్నాడు. కూర్మారావు ఆ వేలు పట్టుకుని తన చెంపకు ఆనించుకోబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కూర్మారావు, చిన్నప్పుడు వేడి టంకం పడి తన మోచేతి మీద కాలిన మచ్చ చూపించాడు. వరాహమూర్తి దాన్ని దగ్గరగా చూసి నొచ్చుకున్నాడు.

"పసివాడి మచ్చ మీరు పెట్టుకుంటే ఎలాగండీ? వాడొచ్చి అడిగితే నేనేం చెప్పను?"

ఏ పొలం ఎవరిదో జీవితమంతా తేలుస్తూ వచ్చిన ప్లీడరు, తనెవరో తేల్చలేకపోయాడు.

ఒక ఆదివారం అతనికి విసుగొచ్చింది. దాని కింద ఏడుపుంది కాని పైకి విసుగే కనబడింది. "ఎవడూ రాడు. రావలసినవాడు ఎప్పుడో వచ్చాడు" అని మీట తిప్పేశాడు. ఇంజను కదిలి, పెట్టెల్ని లాక్కుంటూ వంతెన ఎక్కింది. వరాహమూర్తి స్టూలు మీంచి పడబోతూ లేచి, పట్టాలకు అడ్డంగా రెండు చేతులూ పరిచాడు. ఇంజను అతని మణికట్టుకు తగిలి పక్కకు ఒరిగింది. చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. "వాడు అలుగుతాడండీ. అలిగితే మంచం కిందకెళ్ళి పడుకుంటాడు. ఎంత పిలిచినా అన్నానికి రాడు" అంటూ వరాహమూర్తి ఏడ్చాడు. పెద్దవాళ్ళు ఏడ్చినట్టు కాదు, పిల్లలు ఏడ్చినట్టు ఏ దాపరికమూ లేకుండా ఏడ్చాడు.

తులశమ్మ పరుగున వచ్చి, ఏమీ అడక్కుండా భర్త చేతులు తుడిచింది. మరిదివైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఆమె వెళ్ళిపోయాక కూర్మారావు ఇంజన్ని ఎత్తి పట్టాల మీద నిలబెట్టాడు. మీట దగ్గరికి పోకుండా, ఇంకొక స్టూలు లాక్కుని అన్న పక్కన కూర్చున్నాడు. బయట చూరునీళ్ళు పడుతున్నాయి. చాలాసేపటికి అతను, "మీ తమ్ముడు ఎక్కడికి వెళ్ళాడండీ?" అని అడిగాడు. బుద్ధెరిగిన తరువాత అన్నను ‘మీరు’ అనడం అదే మొదలు.

వరాహమూర్తి కళ్ళు తుడుచుకున్నాడు. "బడికండి. వచ్చేస్తాడు. దారిలో గూడ్సు కనబడితే చాలు, అది దాటేదాకా నిలబడిపోతాడు."

"అయితే కూర్చుందాం."

"కూర్చుందామండి" అన్నాడు వరాహమూర్తి, నిశ్చింతగా.

అప్పటినుంచి ప్రతి ఆదివారమూ అన్నదమ్ములిద్దరూ ఆ గదిలో కూర్చుని తమ్ముడి కోసం ఎదురుచూశారు. ఊరికే కూర్చోలేదు. సొరంగం నోరు గుండ్రంగా చెక్కారు. దీపం మసి తీసి పైన రాశారు. వరాహమూర్తి కుంచె పట్టుకుంటే చెయ్యి వణికేది కాదు. కొండ పక్కన జీలుగు చెట్లు, వాటి కింద మేకలు, చూస్తుండగానే పుట్టుకొచ్చేవి. పని చేస్తూ, సాయానికొచ్చే ఆ పరాయి పెద్దమనిషికి తమ్ముడి సంగతులు చెప్పేవాడు. వాడికి చీకటంటే భయం. కాని ఒప్పుకోడు. ‘నీకు భయమేస్తోందా అన్నయ్యా, నేను తోడొస్తాలే’ అంటాడు. చద్దన్నంలో మామిడిపండు పిసికితే తప్ప ముద్ద ముట్టడు. అమ్మ పోయిననాడు ఇంటినిండా జనాన్ని చూసి వాడికి సంతోషమేసింది. డబ్బాలో ఉన్న మరమరాలు తీసి, ఏడుస్తున్నవాళ్ళందరికీ గుప్పెడేసి పంచిపెట్టాడు.

కూర్మారావుకు ఇవేవీ గుర్తులేవు. గుర్తులేని తన బాల్యాన్ని, అన్నీ మరిచిపోయిన మనిషి దగ్గర కూర్చుని వింటున్నాడు.

ఒకరోజు వరాహమూర్తి కుంచె కడుగుతూ, "మా నాన్న వాణ్ణి పెద్దమ్మగారింటికి పంపేస్తానన్నాడండీ. నేను పంపనివ్వలేదు. నాకు బొంబాయిలో బొమ్మలు నేర్చుకోవడానికి సీటొచ్చింది లెండి. వెళ్ళలేదు. వెళితే వీణ్ణెవరు చూస్తారు?" అన్నాడు. తరువాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ సంగతి వాడితో అనకండి. తన మూలాన్నేనని బెంగపెట్టుకుంటాడు."

కూర్మారావు రంగుసీసా మూత బిగిస్తున్నాడు. అది బిగియడం లేదు.

"అననండి" అన్నాడు.

ఆ సాయంత్రం తులశమ్మ కాఫీ తెచ్చి, అతని ముఖం చూసి, "ఏటి బాబూ, ఒంట్లో బాగులేదా?" అని అడిగింది. "బాగానే ఉంది వదినా" అన్నాడు. బొంబాయి సంగతి ఆమెకు తెలుసునో లేదో అడగలేదు. ఆ సంగతి ఎత్తనని అతను మాట ఇచ్చి ఉన్నాడు.

చలికాలానికి వరాహమూర్తి నీరసించిపోయాడు. వెనకగది దాకా నడవలేకపోయేవాడు. కూర్మారావు అతని మంచం పక్కనే కూర్చునేవాడు. ఒక ఆదివారం వరాహమూర్తి కళ్ళు తెరిచి అతన్ని చూసి, "మీకు చాలా శ్రమ ఇచ్చాను. పనులన్నీ మానుకుని ఇన్నాళ్ళూ నాతో కూర్చున్నారు. వాడు చూడండి, ఇంకా రాలేదు" అన్నాడు.

"వస్తాడు లెండి."

"నేను కాసేపు పడుకుంటాను. వాడొస్తే లేపండి."

"లేపుతానండి" అన్నాడు కూర్మారావు. దుప్పటి గుండెల దాకా కప్పాడు.

ఆ వారంలోనే వరాహమూర్తి పోయాడు. పిల్లల్లేరు గనక తలకొరివి పెట్టేది తమ్ముడే. శ్మశానంలో పురోహితుడు "మీరు ఏమవుతారు?" అని అడిగితే, "తమ్ముణ్ణి" అన్నాడు. ఈసారి ఆ మాటకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కర్మలన్నీ అయ్యాక, చుట్టాలు వెళ్ళిపోయిన ఒక మధ్యాహ్నం తులశమ్మ అతన్ని వెనకగదికి పిలిచింది. "బాబూ, ఇన్నాళ్ళూ గోడ పక్కనే ఉన్నాను. ఈ బండి నడవగా ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. నడుపు, చూస్తాను" అంది. కూర్మారావు ఇంజను మీది దుమ్ము తుడిచాడు. తరువాత మీట తిప్పాడు. ఇంజను స్టేషను వదిలింది, వంతెన ఎక్కింది, మేకల పక్కనుంచి పోయి సొరంగంలో దూరింది, ఇవతలికి వచ్చింది. ఎక్కడా ఆగలేదు, ఎవరూ ఆపలేదు. తులశమ్మ కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసింది. "ఎంత బాగా వేశారో ఆ చెట్లు" అంది.

కూర్మారావుకు అప్పుడు ఏడుపొచ్చింది. అన్న పోయిననాడు రానంత ఏడుపు. దుఃఖం తీరాక నా దగ్గరికి వచ్చి చెప్పాడు, తీరిందని అతననుకున్నాక. "అన్నయ్య పోయాడని ఏడ్చానో, ఆ పిల్లవాడు ఇంక రాడని ఏడ్చానో నాకు తెలియలేదండీ. వాడి కోసం నేనూ చాలా ఎదురుచూశాను" అన్నాడు.

గురువుగారు అక్కడితో ఆపేశారు. చిదంబరం కింద పడిన ఈనెలు ఏరి కట్టలో పెట్టాడు. తరువాత అడిగాడు.

"అయితే కూర్మారావుగారికి చివరికి శాంతి కలిగిందాండీ?"

"శాంతి సంగతి నువ్వడగలేదు" అన్నారు గురువుగారు.